ఎండకాలము – ఇష్టానిష్టములు



వేసవి ప్రవేశించినంతనే మన యిండ్లలో నొక వివాదము పుట్టుట వాడుక. ఒకరు చలికాలమే మేలందురు. మఱియొకరు వానకాలమును మెచ్చుకొందురు. ఎండకాలమే తమకు హితమని చెప్పువారు మిక్కిలి యరుదు. ఆ యరుదైన వర్గమున జేరినవాడను నేను. తెలుగుదేశమున పుట్టి, ఇచ్చటనే అఱువదియేండ్లు దాటి, ఇంకను వేసవియే నాకిష్టమని చెప్పినచో వినువారు నన్ను వింతగా చూతురు. ఈ యిష్టము నాకెట్లు కలిగినది, దానికి కారణమేమి, ఎచ్చట దానికి హద్దు ఏర్పడును అను మూడు మాటలను నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా వేసవి యనగా నేదియో నిర్ణయించుకొందము. శాస్త్రమర్యాదను బట్టి చైత్రవైశాఖములు వసంతము, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో పిల్లలకు నేనును అట్లే చెప్పితిని. కాని మన ప్రాంతమున వైశాఖము నాటికే ఎండ ముదురును. ఆషాఢము నాటికి తొలకరి కురిసి పొలములు తడిసియుండును. అందుచేత ఋతువుల పాఠము చెప్పునపుడెల్ల ఎవడో యొక పిల్లవాడు లేచి, “మాస్టారూ, వసంతములోనే ఇంత చెమట పట్టుచున్నదేమండీ?” అని యడుగకుండునా! వానికి సమాధానము పంచాంగముననే వేఱొకచోట నున్నది. మన రైతులు సేద్యమునకు ఋతువులను గాక కార్తెలను లెక్కింతురు. సూర్యుడొక నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. భరణి, కృత్తిక, రోహిణి, అనగా ఏప్రిలు నెల చివరనుండి జూను మొదటి వారము వఱకు నడచు నీ మూడు కార్తెలే మన నిజమైన గ్రీష్మము. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను సామెత ఏ కావ్యమును చదువనివారి నోటనుండి వచ్చినదైనను, ఋతువర్ణనలో దానిని మించినది నేనెఱుగను.

కవులు మాత్రము గ్రీష్మమును నిరాకరింపలేదు. కాళిదాసుని పేర ప్రసిద్ధమైన ఋతుసంహారము ఆఱు సర్గల కావ్యము. అది గ్రీష్మముతో నారంభమై వసంతముతో ముగియును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేసవిని ప్రత్యేకముగ వర్ణించెను. అయినను ఒకని ఇష్టమునకు కవుల సాక్ష్యము చాలదు. శరీరమును సాక్ష్యము చెప్పవలయును. ఆ సాక్ష్యమును నాకు సమకూర్చినది నా ఉద్యోగము.

నేను భాషాప్రవీణ పూర్తిచేసి గుంటూరు జిల్లాలో తెలుగు పండితుడనుగా పనిచేసితిని. నాటికి జిల్లా యొకటిగానే యుండెను. 2022వ సంవత్సరమున పలనాడును, బాపట్లయు వేఱు జిల్లాలైనవి. ఆ పాత జిల్లాకు పడమట పలనాడు, తూర్పున సముద్రము. బదిలీలలో నేను కొన్నియేండ్లు పలనాటి రాళ్ళనడుమను, కొన్నియేండ్లు రేపల్లె, బాపట్ల ప్రాంతములందును కాపురముంటిని. రెండు చోట్లకును నడుమ దూరము నూరుమైళ్ళకు మించదు. ఒకే జిల్లా, ఒకే జీతము, ఒకే పాఠ్యపుస్తకము. కాని రెండు వేసవులును రెండు లోకములు.

పలనాటి వేసవిని గూర్చి చెప్పవలెనన్న ముందు శ్రీనాథుని స్మరింపక తప్పదు. ఆయనవిగా లోకమున ప్రచారమందున్న చాటువులలో పలనాటి రాళ్ళును, జొన్నకూడును, నీటి కొఱతయు పరిహాసమునకు గుఱియైనవి. దప్పిచే అలమటించిన ఆ కవి పరమేశ్వరునే నిలదీసి, పార్వతి యుండగా నీకు గంగ యెందులకు, విడువుమని యడిగెనని చెప్పుదురు. ఆ మాట శ్రీనాథుడు నిజముగా చెప్పెనో లేదో పండితులు తేల్చుకొందురుగాక. వేసవిలో కారెంపూడి, మాచెర్ల మార్గమున నడచినవాడు మాత్రము దానిని నమ్మును. నేల నిండ నాపరాయి. ఉదయము ఎనిమిదింటికే అది వేడెక్కును. ప్రొద్దు క్రుంకిన తరువాత కూడ పాదములకు చుఱుక్కుమనును. రెంటచింతల యెండ పేరు వేసవిలో వార్తలు వినువారందఱును ఎఱిగినదే.

అట్టిచోట నాకు వేసవి యిష్టమైనదన్న, అందుకు కారణము గాలిలోని పొడితనము. ఈ సంగతిని నాకు బోధించినది మా యింటి మంచినీళ్ళ కుండ.

పలనాటిలో ఉన్నన్నాళ్ళు మా వసారాలో ఇసుకమీద నొక మట్టికుండ యుండెడిది. బయట ఎండ ఎంత కాసిన, కుండలోని నీరు అంత చల్లగా నుండెడిది. బాపట్ల ప్రాంతమునకు బదిలీయైనపుడు అదే కుండను బండిమీద జాగ్రత్తగా తీసికొనిపోయితిమి. అచ్చట దానికి ఆ గుణము పోయినది. కుండ తడిసియే యుండును, నీరు మాత్రము గోరువెచ్చగా నుండును. వట్టివేళ్ళ తడికయు అంతే. నేడు పట్టణములలో వాడు కూలరను యంత్రమును అంతే. పలనాటిలోను, హైదరాబాదులోను చల్లని గాలి నిచ్చునది తీరమున కేవలము తడిగాలి నిచ్చును.

కారణము సులభము. కుండ తనలోని నీటిని సన్నని రంధ్రములగుండ బయటకు చెమర్చును. ఆ చెమ్మ ఆవిరియగునపుడు కుండలోని వేడిని తనతో గొనిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలయును. అర లీటరుకు మించిన నీటిని ఒక డిగ్రీ చల్లార్చుట కది చాలును. గాలి పొడిగా నున్నచో చెమ్మను వెంటనే గ్రహించును. గాలియే తడిసియున్నచో నేమి గ్రహించును? మన శరీరమును నిట్టి కుండయే. బయటి వేడి మన యొంటి వేడియగు 37 డిగ్రీలను దాటినపుడు మనకు చెమట తప్ప వేఱు దిక్కు లేదు.

ఈ భేదమును కొలుచుటకు ఉష్ణమాపకపు గోళమునకు తడిగుడ్డ చుట్టి చూతురు. పలనాటిలో 43 డిగ్రీల యెండ, గాలిలో తేమ నూటికి 20 పాళ్ళు ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన మాపకము సుమారు 25 డిగ్రీలే చూపును. తీరమున ఎండ 36 డిగ్రీలే యైనను తేమ నూటికి 65 పాళ్ళున్నచో, ఆ మాపకము సుమారు 30 డిగ్రీలు చూపును. అంకెలో ఏడు డిగ్రీలు తక్కువైన ఎండ యొంటికి ఎక్కువ భారమగుట ఇందువలననే. భారత వాతావరణశాఖవారు వడగాలిని ప్రకటించునపుడు మైదానములకు కనీసము 40 డిగ్రీలు, తీరప్రాంతమునకు 37 డిగ్రీలు అని వేర్వేఱు హద్దులు పెట్టుట కూడ మీరు గమనించియుందురు.

ఇంతవఱకు విన్నచో, వాదమున నేనే గెలిచినట్లు తోచును. కాని మా యింటనే నాకు గట్టి ప్రతివాది కలదు. నా భార్య రేపల్లె ప్రాంతమున పుట్టినది. ఆమెకు సముద్రపు గాలియే ప్రాణము. కుండను జూపి నేను సిద్ధాంతము చేసినపుడు ఆమె చెప్పిన సమాధానమును మీకు దాచక చెప్పెదను.

“ఏమండీ, మీ కుండ చల్లబడినది, నిజమే. కాని కుండలో నీరు తఱిగినదికూడ చూచితిరా? మీ పలనాటి గాలి చెమటను కంటికి కనబడనీయదు. ఒంట నీరు పోయినది పోయినట్లే తెలియదు. బిడ్డ పెదవులు పగిలిన తరువాతగాని మనము మేలుకొనము. మా ఊర చెమట ధారగా కారును, విసుగు పుట్టును, నీళ్ళు త్రాగుదుము. సాయంకాలము నాలుగింటికి సముద్రపు గాలి తిరుగును. ఆ గాలికొఱకు మధ్యాహ్నమంతయు నోర్చుకొందుము. మీకు పగలు సాగును, మాకు సాయంకాలము వచ్చును.”

ఆమె మాటలో శాస్త్రమున్నది. పొడి యెండ మోసకారి. అందు దాహము వేసిన తరువాత త్రాగుదమని కూర్చుండరాదు. సముద్రపు గాలిని గూర్చి ఆమె చెప్పినదియు నిజమే. పగటి యెండకు నేల త్వరగా వేడెక్కును, సముద్రము నెమ్మదిగా వేడెక్కును. నేలమీది వేడిగాలి పైకి లేవగా, దాని చోటికి సముద్రముమీది చల్లనిగాలి వచ్చును. ఒక్కొక యేట పడమటిగాలి బలముగా వీచి దానిని ఒడ్డుననే నిలిపివేయును. అట్టి దినములలో తీరమునకు పలనాటి వేడియు వచ్చును, సముద్రపు చల్లదనము రాదు. ఆ దినమున ఆమెయు నేనును ఒకే పక్షము.

మా యిరువురి వాదము నడుమ మూడవ పక్షముగా మా కుమారుడు ప్రవేశించినాడు. అతడు బెంగుళూరున ఉద్యోగి. “నాన్నగారూ, పదవీవిరమణ చేసితిరి, ఇంకను ఆ యెండలో ఏల? ఇచ్చటకు వచ్చి యుండుడు” అని ప్రతి సంవత్సరము ఫాల్గుణమాసము రాగానే యడుగుచుండును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల యెత్తున నున్నది. వేయి మీటర్లు పైకి పోయినకొలది గాలి వేడి ఇంచుమించు ఆఱున్నర డిగ్రీలు తగ్గును. మన మదనపల్లె ప్రాంతమునకు చల్లదనము గలుగుటకును ఇదియే కారణము. అచ్చటి పొడియైన హితకరమగు గాలిని చూచియే 1915వ సంవత్సరమున ఆరోగ్యవరమున క్షయరోగుల వైద్యశాలను నెలకొల్పిరి. దాని సమీపముననే 1,265 మీటర్ల యెత్తుగల ఏనుగుమల్లమ్మ కొండ కలదు. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర అచ్చట వేసవి విడిది కట్టుకొనుటచే అది హార్స్‌లీ కొండయైనది.

దొరలకు చల్లదనముపై మక్కువ మెండు. 1864వ సంవత్సరమునుండి భారతప్రభుత్వము వేసవికి సిమ్లాకు తరలెడిది. చెన్నపట్టణపు ప్రభుత్వము 1870 ప్రాంతమునుండి ఉదకమండలమునకు పోయెడిది. కాగితములు, గుమాస్తాలు, బంట్రోతులు, అందఱును కొండ నెక్కిరి. వారు ఏలిన రైతు మాత్రము కొండయెక్కలేదు. అతనిని ఏ శీతోష్ణస్థితి నీకిష్టమని యడిగినవారును లేరు.

ఇచ్చట నా ప్రసంగము అసలు విషయమునకు వచ్చినది. ఇష్టమను మాటలో ఎన్నుకొను స్వాతంత్ర్యము ఇమిడియున్నది. నాకు పలనాటి వేసవి యిష్టమగుటకు పొడిగాలి యొకటే కారణమా? నాకు వసారా కలదు. వసారాలో కుండ కలదు. మార్చి నడుమనుండి ఒంటిపూట బడి. ఏప్రిలు దాటిన తరువాత సెలవులు. మధ్యాహ్నము మామిడిపండు, నిద్ర. సాయంకాలము తాటిముంజలు, మల్లెపూలు. రాత్రి ఆరుబయట నులకమంచము. పొడినేల రాత్రి త్వరగా చల్లారును గనుక తెల్లవారుజామున దుప్పటి కప్పుకొనుటయు కలదు. ఇట్టివానికి వేసవి యిష్టము కాక మఱేమగును? నేను ఎండను ప్రేమించినది నీడలో కూర్చుండి.

ఎండలో నిలిచి ఎండను ప్రేమించినవారిని కూడ నేను చూచితిని. పలనాటిలో జనవరినుండి ఏప్రిలు వఱకు మిరపకోతలు. కోసిన కాయను కల్లములో పఱచి దినముల తరబడి ఎండబెట్టుదురు. కోతల కాలమున నా తరగతిలో సగము బల్లలు ఖాళీగా నుండెడివి. పిల్లలు తల్లిదండ్రులతో కాయకోతకు పోయెడివారు. వారిని పిలుచుకొని వచ్చుటకు నేను కల్లములకు పోవుచుండెడివాడను. ఒక ఏప్రిలు మధ్యాహ్నము ఒక కల్లములో నా శిష్యురాలి తల్లి కాయలు ఏఱుచుండెను. తలమీద తడిగుడ్డ, చేతులకు పాతగుడ్డల చుట్టు, మిరపఘాటునకు ఎఱ్ఱబడిన కన్నులు. ఆకసమున చిన్న మబ్బు కనబడెను. “అమ్మా, కొంచెము మబ్బు పట్టినది, మీకు కాస్త చల్లబడును” అంటిని.

ఆమె ఉలిక్కిపడి తలయెత్తి చూచెను. “అంతమాట అనకండయ్యా! నాలుగు చినుకులు పడితే కాయంతా తాలయిపోద్ది. మాకు కూలెక్కడిది? ఇంకో పదిరోజులు ఇట్టాగే కాయమనండి” అనెను.

తడిసిన మిరపకాయ ఎఱుపు మాసి తెల్లబారును. దానిని తాలుకాయ యందురు. దాని ధర పడిపోవును, రైతు మునుగును, ఏఱుడు కూలియు పోవును. కావున తనను మాడ్చుచున్న యెండనే ఆమె యింకను కోరుచున్నది. వేసవి తన కిష్టమని ఆమెయు చెప్పును, నేనును చెప్పుదును. మాట ఒకటే. కాని ఆ దినమునుండి వేసవి నాకిష్టమని ఎవరైన చెప్పినపుడు, వారు ఎచ్చట నిలిచి చెప్పుచున్నారో చూచుట నాకలవాటైనది.

వేడికి శరీరము అలవాటుపడును గదా, కూలివారికి బాధ లేదని చెప్పువారు కలరు. అలవాటుపడుట నిజమే, అందుకు ఇంచుమించు రెండువారములు పట్టును. ఆ కాలమున శరీరము ముందుగా చెమట పట్టుటను, చెమటలో ఉప్పును పొదుపుచేసికొనుటను నేర్చుకొనును. అందువలననే సంవత్సరపు మొదటి వడగాలి మిక్కిలి ప్రమాదకరము. చల్లని దేశముల సంగతి ఇంకను దుర్భరము. 2003వ సంవత్సరపు వేసవిలో ఐరోపాఖండమున మన పలనాటికి సామాన్యమైన వేడికే సుమారు డెబ్బదివేలమంది అదనముగా మరణించిరని లెక్కవేసిరి. వారి శరీరములు అలవాటుపడలేదు. వారి యిండ్లు చలిని దృష్టియందుంచుకొని కట్టినవి. మృతులలో వృద్ధులు పెక్కండ్రు.

కాని అలవాటునకు మితము కలదు. తడిగుడ్డ చుట్టిన మాపకము 35 డిగ్రీలు చూపినచో, నీడలో ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడ కొన్నిగంటలకు మించి నిలువలేడని శాస్త్రజ్ఞులు గణించిరి. అంతకంటె కొన్ని డిగ్రీలు తక్కువయందే శరీరము ఓడుట మొదలిడునని 2022వ సంవత్సరమున వెలువడిన ప్రయోగములు తెలిపినవి. ఎండలో పనిచేయువానికి హద్దు ఇంకను తక్కువ. 2015వ సంవత్సరపు మే నెలను మీరు మఱచియుండరు. ఆ వడగాలులకు దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. కూలివారును, వృద్ధులును అందు మెండు. పుట్టినది మొదలు ఈ యెండకు అలవాటుపడినవారే వారందఱును. భూమి వేడెక్కుచున్న యీ దినములలో మన పూర్వులు చూచిన వేసవియే మనమును చూచుచున్నామని తలపరాదు.

ఇక మన పెద్దలు ఈ విషయమున నేమి చేసిరి? పంచాంగమున మే నెల మొదటి వారమునుండి ఆ నెల చివరి దినముల వఱకు కర్తరి యని యుండును. భరణి చివరి రెండు పాదములు డొల్లుకర్తరి. కృత్తిక నాలుగు పాదములును, రోహిణి మొదటి పాదమును నిజకర్తరి. ఆ దినములలో గృహనిర్మాణము, నేల త్రవ్వుట, చెట్లు నఱకుట కూడదని నిషేధము. దీనికి జ్యోతిషపరమైన కారణములను జ్యోతిషులు చెప్పుదురు. నేను చూచుచున్నది వేఱు. ఇల్లు కట్టుట, నూయి త్రవ్వుట, చెట్టు నఱకుట అను నీ మూడును నడియెండలో చేయు కఠినమైన కూలిపనులు. ఆ నిషేధమును పాటించిన గ్రామమున కూలివానికి మాడు దినములలో విశ్రాంతి దొరకెను; చెట్టునకు ప్రాణము దక్కెను. గుంటూరు మిరపయార్డునకు మే నెలలో వేసవి సెలవు లిచ్చు వాడుకయు నాకీ కర్తరిని జ్ఞప్తికి తెచ్చును. అయితే విశ్రాంతితోపాటు పస్తు రాకుండ చూచుకొనుట మన పని. కూలి లేని సెలవు సెలవు కాదు.

చలివేంద్రము రెండవది. దారిన పోవువానికి నీరిచ్చుట మన దేశమున పుణ్యకార్యము. నేటికిని ఊరూర పందిరి వేసి కుండలు పెట్టుచున్నారు. సంతోషము. కాని పందిరి వేసిన దినమున కనబడు కుండలు పదిదినములైన పిదప వట్టివై యుండుట కూడ చూచుచున్నాము. పందిరి వేయువాడు నీరు నింపువానిని కూడ ఏర్పఱచవలయును. నీటితోపాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ యున్నచో మఱింత మేలు. చెమటతో పోవునది నీరొకటే కాదు, ఉప్పుకూడ.

మూడవది ఇంటికప్పు. రేకుల యింటను, కాంక్రీటు మిద్దె క్రిందను కాపురముండువారికి రాత్రికూడ వేసవియే. కప్పునకు తెల్లని పూత పూసినచో ఎండ తిరిగిపోవును, ఇల్లు కొన్ని డిగ్రీలు చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున ఇట్టి చల్లని కప్పులకొఱకు ప్రత్యేకవిధానమును ప్రకటించినది. ఇందు మా పలనాటికొక విశేషము కలదు. మమ్ము కాల్చు సున్నపురాయినే పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు. ఆ సున్నమునే కప్పున పూసినచో అది యెండను ఆపును. శ్రీనాథుని పేర నిందలు పడిన పలనాటి రాళ్ళకు ఇట్లైనను మంచిపేరు వచ్చుగాక.

నాలుగవది పని వేళ. పిల్లలకు ఒంటిపూట బడి పెట్టుట న్యాయమని అందఱును అంగీకరింతురు. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఒంటిపూట పని యేల కూడదు? తెల్లవారుజామున మొదలిడి పదకొండింటికి ఆపి, ఎండ తగ్గిన పిదప నాలుగింటికి మరల చేయవచ్చును. పొలమున పెక్కుచోట్ల ఈ వాడుక కలదు. కట్టడపు పనులలోను, రోడ్డు పనులలోను అది స్థిరపడవలయును. పని యిచ్చువాడు గడియారమును కొంచెము త్రిప్పుకొన్నచో దానికి వ్యయము లేదు.

వడదెబ్బను గూర్చి రెండు మాటలు చెప్పి ముగించెదను. ఎండలో నున్నవాడు తడబడుచు మాటలాడినను, తెలివి తప్పినను, ఒళ్ళు నిప్పువలె కాలుచున్నను, అది వడదెబ్బ యని గ్రహించి, వానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీళ్ళు చల్లి, విసరుచు, వెంటనే వైద్యశాలకు గొనిపోవలయును. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. తెలివిగా నుండి సొలసినవానికి లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదారను, అర చిన్నచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును. ఒంటరిగా నుండు వృద్ధులను మధ్యాహ్నము ఒకసారి పలుకరించుట మఱవకుడు. వారు దాహమును తెలిసికొనలేరు. తెలిసినను లేచి త్రాగలేక యూరకుందురు.

మా యింటి వాదము తీరలేదు. కుమారుని పిలుపునకు మేమింకను బెంగుళూరు పోలేదు. 2024వ సంవత్సరపు వేసవిలో ఆ నగరమే నీటికి కటకటపడినదని వినిన తరువాత అతడును కొంత తగ్గి మాటలాడుచున్నాడు. చైత్రము నేను పలనాటిలో గడుపుదును. వైశాఖమున నా భార్యతో రేపల్లెకు పోయి ఆమె సముద్రపు గాలికి చెమటలు కార్చుచు కూర్చుందును. ఆమెకు తన గాలి యిష్టము, నాకు నా పొడి యెండ యిష్టము. మా యిరువురకును ఎన్నుకొను వీలు కలదు.

ఆ వీలు లేనివారు మన వీధిలోనే యున్నారు. నేటి మధ్యాహ్నము మీ గుమ్మము ముందు మూటతోనో, బండితోనో, తట్టతోనో ఎవరైన నిలిచినచో, వారిని లోపలికి పిలిచి, నీడలో కూర్చుండబెట్టి, ఒక చెంబు నీరిచ్చి, ఎండ తగ్గినదాక ఉండుమనుడు. నాకు వేసవి ఇష్టమని మీరు చెప్పదలచినచో, ఆ మాటను ఆ తరువాత చెప్పుడు. అప్పుడది శోభించును.